గాసి నేల, సోములమ్మ ఇల్లు

మంగళవారం పొద్దెక్కాక సర్వేశ్వరరావు బండి దిగాడు. దిగినవాడు కాళ్ళయినా కడుక్కోకుండా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. గోడ మీద అరచెయ్యి వేసి చూశాడు. వసారా దూలం చివర గోటితో గీకి, చెద పట్టలేదని తేల్చుకున్నాడు. తలెత్తి పెంకుల వరసలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

సోములమ్మ ఇంటి ముందరి కొట్టు అరుగు మీద ఎండుచేపలు పరుస్తూ ఇదంతా గమనించింది. ఈ మరిది, అన్న పోయినప్పుడు పదకొండో రోజున వచ్చి వెళ్ళినవాడు మళ్ళీ అరకు ముఖం చూడలేదు. రెండేళ్ళయింది. ఇజీనగరంలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా ఉంటున్నాడు. చేతిలో గొడుగు, చంకలో తోలు సంచీ, ఘాటీ చలికి చెవుల మీదుగా చుట్టుకున్న మఫ్లరు.

"ఇల్లు గట్టిగానే ఉంది వదినా," అన్నాడు.

"గట్టిగా ఉండక ఏటవుద్ది బాబూ. ఏటేటా అలుకుతున్నాను కదా. కాళ్ళు కడుక్కో, అంబలి పోత్తాను."

అంబలి తాగుతూ అతను వచ్చిన పని చెప్పాడు. ఇజీనగరం వర్తకుడు వరహాలరావు, చింతపండుకీ వలిసె నూనెగింజలకీ ఇక్కడ ఒక గోదాం కావాలని చూస్తున్నాడు. బండిదారి పక్కన, సంత మైదానానికి ఎదురుగా ఉన్న ఇల్లు ఇదొక్కటే. బేరం కుదిరింది. కాని కాగితం రాయించబోతే రిజిస్ట్రీ ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. ఏజెన్సీ నేల కనక, ముందు అది ఎవరిదో తేల్చుకు రమ్మన్నారు. దానికోసం తాసీల్దారు శుక్రవారం సంత రోజున ఇక్కడే క్యాంపు పెడుతున్నాడు.

సోములమ్మ చేతిలోని గరిటె కుండలోకి జారవిడిచింది. "ఇల్లు అమ్మేత్తావేటి?"

"నిన్ను వీధిలో పెడతానా? వెనక గది నీకే ఉంచమని వరహాలరావుతో చెప్పాను. గోదాముకి కాపలా మనిషి ఎలాగూ కావాలి."

సర్వేశ్వరరావు గిన్నె కింద పెట్టి, పాఠం చెప్పేవాడిలా వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టాడు. కొండవాళ్ళ నేల మైదానం వాళ్ళు కొనకూడదని పదిహేడులో చట్టం వచ్చింది. అంతకు ముందు కొన్నది మాత్రం చెల్లుతుంది. ఇల్లు కట్టింది జర్మనీ యుద్ధం మొదలైన ఏడు, అంటే పద్నాలుగు. అప్పట్లో చిన్న బేరాలకి కాగితం అక్కర్లేదు, నోటిమాట చాలు. అన్న లేడు కనక ఆ మాట ఎరిగిన మనిషి సోములమ్మ ఒక్కతే.

"ఆ కొండమనిషి గాసి దగ్గర అన్నయ్య ఈ జాగా కొన్నాడని నువ్వొక్క మాట చెప్పాలి. అంతే."

"కొననేదు కదా బాబూ. ఉండమన్నాడు, ఉన్నాం."

"కొనకుండా ఇల్లెవరు కడతారు వదినా? ఆఫీసరు కూడా అలాగే అనుకుంటాడు. నువ్వు అవునంటే చాలు."

"ఏటేటా కొత్త పంట పండక్కి గాసన్నకి తట్టెడు ఉప్పు ఇత్తన్నాను. నేల ఆడిదని కాదేటి?"

"ఆ ఉప్పు సంగతి ఎత్తకు." సర్వేశ్వరరావు గొంతు తగ్గించాడు. "చూడు వదినా. ఇల్లు అన్నయ్యది. మేం విడిపోలేదు. అన్నయ్య పోయాక అది నాది, ధర్మశాస్త్రం అలాగే ఉంది. నీకు రావలసింది కూడూ గుడ్డా, అది నేను కాదనను. కాని నేల గాసిదని తేలిందనుకో, ఇంక నేను చెయ్యగలిగింది లేదు. రేపు వాడి కొడుకు వచ్చి మెడపట్టి గెంటితే నువ్వెక్కడికి పోతావు?"

ఆ మాట సోములమ్మకి తగలవలసిన చోటే తగిలింది.

ఆ రోజంతా ఆమె చేతులు ఒక పని మీద నిలవలేదు. ఉప్పు బస్తా విప్పి, కొలవకుండా మళ్ళీ కట్టేసింది. పొగాకు కట్టలు ఎండలో వేసి, మబ్బు లేకపోయినా లోపలికి తెచ్చింది. తక్కెడ పళ్ళేలు తోమినవే తోమింది. వసారాలో చాప మీద కూర్చున్న సర్వేశ్వరరావు మధ్య మధ్య అడిగేవాడు.

"ఏ నెలలో కొన్నారు?"

"మాగమాసం."

"ఎవరెదురుగా?"

"మా మావగారు..."

"కాదు, నాన్న అప్పటికే పోయాడు. ఎవరూ లేరు. నువ్వూ, అన్నయ్యా, గాసీ. మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ నోట్లో ఇసక పలుకు పడ్డట్టుండేది.

బుధవారం కూడా అలాగే గడిచింది. గురువారం ఉదయం సోములమ్మ ఇంక ఆగలేక, నీళ్ళ కడవ చంకన పెట్టుకుని గెడ్డ వైపు బయల్దేరి, కడవని గట్టు మీద బోర్లించి, అటునించి అటే గాసి కళ్ళానికి నడిచింది.

వలిసెలు కోసి మోపులు కట్టి ఎండేసిన రోజులు. పేడతో అలికిన కళ్ళంలో గాసి ఒక్కో మోపూ విప్పి పరిచి, వెదురు కర్రతో కొడుతున్నాడు. దెబ్బ గట్టిగా పడటం లేదు. కర్ర తన బరువుకి తనే వాలుతున్నట్టు కొడుతున్నాడు. నల్లటి సన్నగింజ గలగలమని రాలుతోంది. పక్కన అతని భార్య ఈశ్వరమ్మ చేట ఎత్తి గాలికి పొట్టు వదులుతోంది. వాళ్ళ కొడుకు ధనరాజు కొట్టేసిన మోపులు తీసి కుప్ప వేస్తున్నాడు. పోయిన వేసవిలోనే వాడికి పెళ్ళయింది. ఇంట్లో చోటు చాలక కొత్త దంపతులు ఒక మూల తడిక కట్టుకుని సర్దుకుంటున్నారు.

"రా సోములమ్మా," అన్నాడు గాసి, కర్ర ఆపకుండానే.

ఆమె నిలబడే ఉంది. ఏమని అడగాలో దారిలో అనుకున్నదంతా ఇక్కడికొచ్చేసరికి చెదిరిపోయింది. రేపు నువ్వేం చెబుతావని అడిగితే, మరి నువ్వేం చెబుతావని అతను అడుగుతాడు.

ధనరాజే మొదలుపెట్టాడు. "మీ మరిది ఒచ్చినాడంట కదత్తా. తాసీల్దారు ముందర నేల మీదేనని సెప్పడానికి."

"ఒచ్చినాడు."

"పైన కొండ మీద పోడు నరకనీరు. గార్డులు గొడ్డళ్ళు లాక్కుంటన్నారు. ఈ కిందున్న నేల కూడా మాది కాదంటే మేమెక్కడ బతకాల?" వాడు మోపుని కుప్ప మీదకి విసిరాడు. "నేల మాది. నేల మీదున్నదీ మాదే. గోడలకి మట్టి ఎక్కడిది? మా జాగాలో తవ్విందే కదా."

ఈశ్వరమ్మ చేట దించింది. గాసి కర్ర ఆగింది, కాని అతను కొడుకుని కసరలేదు. కాదనీ అనలేదు. నేల మీద కూర్చుని గింజల్లోంచి ఒక పుల్ల ఏరి పారేసి, మళ్ళీ కర్ర అందుకున్నాడు.

ఆ ఊరుకోవడం చూసి సోములమ్మకి భయం వేసింది. పన్నెండేళ్ళలో గాసి ఆమెతో ఒక్క కటువు మాట అనలేదు. ఇప్పుడు ఒక్క మాట అని ఉంటే బాగుండును అనిపించింది.

"ఎల్లొత్తాను," అంది.

"ఎల్లు," అన్నాడు గాసి.

గెడ్డ దగ్గర కడవ ముంచుతూ ఆమె చాలాసేపు వంగే ఉండిపోయింది. కొన్నామంటే మరిది ఇల్లు అమ్ముకుంటాడు, తనకి వెనక గది. కొనలేదంటే ధనరాజు ఇల్లు పుచ్చుకుంటాడు, తనకి బండిదారి. రెండు చోట్లా ఇల్లు తనది కాదు. కడవ నిండి, పొర్లి, చేతులు తిమ్మిరెక్కేదాకా ఆమె అలాగే పట్టుకుంది.

*

శుక్రవారం సంత నిండుగా సాగింది. కొండల మీంచి కావిళ్ళతో పసుపూ చింతపండూ అడ్డాకులూ దిగాయి. సోములమ్మ కొట్టు తలుపు మూసి, ఉతికిన చీర కట్టుకుని, మరిది వెనకాల అధికార్లు దిగే ముసాఫరు బంగళాకి వెళ్ళింది.

వరండాలో మేజాబల్ల వేసుకుని తాసీల్దారు కూర్చున్నాడు. జలుబు చేసినట్టుంది, రుమాలు చేతిలోంచి వదలడం లేదు. పక్కన గుమస్తా గణపతిరావు కలం ముంచుకుని సిద్ధంగా ఉన్నాడు. మెట్ల కింద గాసి, ధనరాజు గొంతుక్కూర్చున్నారు. సర్వేశ్వరరావు అర్జీ చదివి వినిపించాడు. బాగా చదివాడు. వింటుంటే ఆ బేరం నిజంగా జరిగిందేమోనని సోములమ్మకే అనిపించింది.

"ఆమెను రమ్మనండి," అన్నాడు తాసీల్దారు.

ఆమె మెట్టెక్కి స్తంభం పక్కన నిలబడింది. ప్రమాణం చేయించారు.

"మీ ఆయన గాసి దగ్గర ఈ జాగా కొన్నాడా?"

మూడు రోజులుగా వల్లించిన మాట గొంతు దాకా వచ్చింది. మాఘమాసం అనడానికి పెదవులు కూడా కలిపింది. ఎదురుగా మెట్ల కింద గాసి ఆమె వైపు చూడటం లేదు. అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకుని, నేలలోకి చూస్తున్నాడు. చేతివేళ్ళ సందుల్లో వలిసె పొట్టు ఇంకా నల్లగా అంటుకునే ఉంది.

"నేదు బాబూ," అంది సోములమ్మ. "కొననేదు. అడిగితే ఉండమన్నాడు."

కలం చప్పుడు ఆగింది. సర్వేశ్వరరావు ముందుకు అడుగు వేశాడు. "వదిన ఒంటరి మనిషండి. అన్న పోయినప్పట్నుంచీ మనసు స్థిమితంగా..."

"మీరుండండి." తాసీల్దారు ముక్కు తుడుచుకున్నాడు. "ఊరికే ఉండమన్నాడా? ఏమీ పుచ్చుకోలేదా?"

"కొత్త పంట పండక్కి తట్టెడు ఉప్పిత్తాను. ఆడడగడు. నానే ఇత్తాను."

"నేల అతనిదని ఒప్పుకున్నట్టేగా?"

"ఆడిదే బాబూ. నాను కాదననేదు."

గుమస్తా రాసుకున్నాడు. తాసీల్దారు రెండు వాక్యాల్లో తేల్చేశాడు: చట్టానికి ముందు అమ్మకం జరిగినట్టు రుజువు లేదు, నేల గాసిది, దాన్ని వరహాలరావుకి అమ్మడం చెల్లదు. ధనరాజు లేచి నిలబడ్డాడు. వాడి ముఖంలో సంతోషం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనబడింది.

సర్వేశ్వరరావు ముఖం నల్లబడింది, కాని వకీలు దగ్గర పదేళ్ళు పనిచేసిన మనిషి. నిమిషంలో తేరుకున్నాడు.

"చిత్తం. నేల వాళ్ళదే అనుకోండి. ఇల్లు మాత్రం మాది కదండి. కట్టినవాడు మా అన్న. మాది ఉమ్మడి కుటుంబం. ఆయన తదనంతరం అది నాకే చెందుతుంది. నేలతో మాకు పనిలేదు. పెంకులూ, దూలాలూ, తలుపులూ విప్పుకుపోయి అమ్ముకోడానికి సెలవిప్పించండి."

సోములమ్మ స్తంభాన్ని పట్టుకుంది. ఇలాంటి దారి ఒకటి ఉందని ఆమెకి తట్టనే లేదు. నిలబడిన ఇల్లు పోతుందనుకుంది గాని, విప్పిన ఇల్లు పోతుందనుకోలేదు.

తాసీల్దారు తల ఊపాడు. "అది న్యాయమే. ఒకడి నేల మీద, వాడి అనుమతితో ఇంకొకడు కట్టుకుంటే, కట్టినదాని మీద హక్కు కట్టినవాడిదే. నేలలో కలిసిపోదు." మెట్ల వైపు తిరిగాడు. "ఏమయ్యా గాసీ. కట్టుకోమని ఎవరికి చెప్పావు?"

గాసి లేచాడు. నడుము మీద చెయ్యి వేసుకుని నిదానంగా లేచాడు.

"ఈవిడికి."

"ఈమె భర్తకి కదూ?"

"అప్పన్నేడీ బాబూ? ఆడు సలిజొరం ఒచ్చి కొండ కింద కోట ఊళ్ళో పడున్నాడు. ఈవిడొక్కర్తీ బళ్ళ ఎనకాల ఒచ్చింది. ఇక్కడ నిలబడతాను, ఒగ్గుతావా అనడిగింది. రాళ్ళ జాగా, సామలు కూడా పండవు. నిలబడమన్నాను."

"కట్టింది?"

"ఈవిడే. మట్టి తవ్వింది, సోడిగడ్డి ఏసి తొక్కింది. రోజుకో వరస పెట్టేది. అది ఆరాలి కదా, ఆరిందాకా మా కళ్ళంలో పడుకునీది. దూలాలెత్తడానికి నానూ, మా తమ్ముడూ ఎల్లినాం. అప్పన్న మొకం నాను పైకప్పేసినాక సూసినాను."

"పెంకులు?"

గాసికి తెలియలేదు. సోములమ్మ వైపు చూశాడు.

"మా అయ్య తోలించినాడు బాబూ," అంది ఆమె. "నాకని. పుట్టింటోరు పసుపూ కుంకం కింద ఇచ్చినారు." అన్నీ తనకి తెలిసినవే. ఎవరూ ఎన్నడూ అడగకపోవడంతో ఆ ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూసుకోవడం ఎప్పుడూ జరగలేదు.

"ఏమంటారు?" అన్నాడు తాసీల్దారు సర్వేశ్వరరావుతో. "అనుమతి ఈమెకి. శ్రమ ఈమెది. పెంకులు ఈమె స్త్రీధనం. మీ అన్నగారు ఇందులో ఎక్కడున్నారు?"

సర్వేశ్వరరావు తోలు సంచీ పట్టీ బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. "ఆలోచించి మళ్ళీ అర్జీ పెట్టుకుంటాను," అన్నాడు.

"పెట్టుకోండి. ఈలోగా నేను రాసేది ఇది." తాసీల్దారు ఒక్కొక్క మాటే చెబుతుంటే గణపతిరావు రాశాడు. నేల గాసిది. ఇల్లు సోములమ్మది. ఇంటితో పాటు నేల అమ్మే హక్కు ఆమెకి లేదు, నేలతో పాటు ఇల్లు పుచ్చుకునే హక్కు అతనికి లేదు. అతను వద్దంటే, ఆమె ఇల్లు విప్పుకుపోడానికి ఒక పంటకాలం గడువివ్వాలి.

"ఎన్నాళ్ళు ఉండనిస్తావో అది కూడా రాయాలి గాసీ. చెప్పు."

గాసి కొడుకు వైపు చూశాడు. ధనరాజు పక్కకి తిరిగాడు. సంతలోంచి కోళ్ళ అరుపులు వినబడుతున్నాయి.

"ఇల్లు నిలబడ్డన్నాళ్ళు," అన్నాడు గాసి.

"పడిపోతే?" ధనరాజు అడిగాడు. ఆ ప్రశ్న తాసీల్దారుకో తండ్రికో తెలియకుండా అడిగాడు.

"పడిపోతే ఇంకేటుంది. నేలే కదా."

ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించారు.

*

బంగళా దిగి సంతలోంచి నడుస్తుంటే సర్వేశ్వరరావు ముందుగా వెళ్ళిపోయాడు. అదే సాయంత్రం కోటకి దిగే బండిలో చోటు మాట్లాడుకున్నాడు. గొడుగు తీసుకోడానికి కొట్టు దగ్గరికి వచ్చి, "నీ మంచి కోరి చెప్పాను వదినా," అన్నాడు. ఆమె అతనికి దారిలోకి అటుకుల మూట కట్టి ఇచ్చింది. అతను తీసుకున్నాడు.

బండి కదిలిపోయాక గాసి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పొగాకు అడిగాడు. ఆమె ఇచ్చింది. చుట్ట చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నువ్వు కొన్నావని సెప్తావనుకున్నాను."

"సెప్దామనే ఎల్లినాను."

"నువ్వలగ సెప్తే, ఇల్లు నానే కట్టి నీకుండడానికిచ్చినానని సెప్దామనుకున్నాను. ధనరాజు మూడు రోజుల్నించీ నా సేత అదే అనిపిత్తన్నాడు. ఏ నెల, ఎవులు తొక్కినారు మట్టి, అన్నీ."

సోములమ్మ నిర్ఘాంతపోయి చూసింది. కళ్ళం దగ్గర అతను ఎందుకు ఊరుకున్నాడో ఇప్పుడు తెలిసింది. ఒకే మూడు రోజులు, బండిదారికి ఇవతల ఒకరూ అవతల ఒకరూ, ఇద్దరూ ఒకేలాంటి పాఠం వల్లించారు.

"నీకు బాగా ఒచ్చిందేటి?" అని అడిగింది.

"రానేదు. మాటిమాటికీ నెల మరిసిపోయీవోణ్ణి."

ఆమెకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే అరుగు మీద కూర్చుండిపోయింది. గాసి చుట్ట వెలిగించుకుని వెళ్ళాడు.

ఇంతటితో కుదుటపడవలసిన మనసు కుదుటపడలేదు. శనివారం తెల్లారి లేచి ఆమె ఇల్లంతా తిరిగింది. దూలం పట్టుకుని చూసింది. తలుపు తీసి వేసి చూసింది. ఇది నాది అని లోపల అనుకుని, సిగ్గుపడి, ఎవరైనా విన్నారేమోనని వాకిట్లోకి చూసింది.

వాకిట్లో ధనరాజు ఉన్నాడు. భుజాన అడ్డనార తాడు, కాళ్ళ దగ్గర నాలుగు రాళ్ళు. గునపంతో ఇంటి ఈశాన్యం మూల, గోడని ఆనుకుని గొయ్యి తవ్వుతున్నాడు.

"ఏటి సేత్తన్నావు?"

"రాళ్ళు పాతుతున్నాను. ఇల్లు నీదన్నారు, నేల మాదన్నారు. ఎక్కడి దాకా ఇల్లో, ఎక్కడ్నించి నేలో తెలియాల కదా." వాడి గొంతులో పగ లేదు, చనువూ లేదు. "రేపు నీ తరవాత ఇంకెవులో ఒచ్చి వాకిలి కూడా నాదే అనకుండా."

మూడు రోజుల కిందటైతే ఆమె లోపలికి పోయి తలుపు వేసుకునేది. ఇప్పుడు అరుగు దిగి వాడి పక్కకి వచ్చి, గొయ్యి చూసింది.

"ఇక్కడ కాదు."

"గోడ ఇక్కడే కదా ఉంది."

"గోడ ఇక్కడుంది. సూరెక్కడుంది?" తలెత్తి చూపించింది. పెంకుల అంచు గోడ దాటి మూరెడు బయటికి వాలి ఉంది. "సూరు ఇంట్లోది కాదేటి? అది నేకపోతే గోడ ఒక్క వానకి కరిగిపోద్ది. సూరు నీళ్ళు పడినకాడికి ఇల్లే."

"నీళ్ళు పడీది మా నేల మీద."

"పడనీ. ఆ సుక్క గీత మీద పాతు రాయి. దానికవతల సెయ్యెట్టను. ఇవతల నువ్వెట్టకు."

ధనరాజు గునపానికి ఆనుకుని నిలబడ్డాడు. వాదించడానికి నోరు తెరిచి, పైకి చూసి, గోడని చూసి, మూసుకున్నాడు. కొత్తగా ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నవాడు, చూరు లేని గోడ ఏమవుతుందో వాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఎక్కడ పడుద్దో ఎలా తెలుస్తాది? ఇప్పుడు వానల్లేవు."

సోములమ్మ లోపల్నుంచి నిచ్చెన తెచ్చి గోడకి చేర్చింది. చెంబుతో నీళ్ళు పట్టుకుని చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. పెంకుల మీద నిదానంగా పోసింది. నీళ్ళు పెంకుల కాలవల వెంట జారి, అంచున ఒక్క క్షణం ఆగి, తీగలా కింద పడ్డాయి. ధనరాజు వంగి, మట్టి తడిసిన చోట వేలితో గీశాడు. తవ్విన గొయ్యి పూడ్చి, ఆ గీత మీద కొత్తది తవ్వి రాయి దించాడు. మడమతో చుట్టూ మట్టి తొక్కాడు.

రెండో మూల, మూడో మూల అలాగే అయ్యాయి. మధ్యలో ఈశ్వరమ్మ అటుగా పోతూ ఆగి, ఇద్దరినీ చూసి, నవ్వాలో వద్దో తెలియక వెళ్ళిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

నాలుగో మూల దగ్గర నీళ్ళు పోస్తుండగా కొండల మీంచి గాలి విసిరింది. తీగ వంగిపోయి, నీళ్ళు మూరెడు కాదు, బారెడు అవతల పడ్డాయి. ధనరాజు ఆ తడి మీద వేలు ఉంచి, గీయకుండా, నిచ్చెన మీదున్న ఆమె వంక చూశాడు.

సోములమ్మ ఖాళీ చెంబు కిందకి అందించింది.

"నిండా పట్టియ్యి," అంది. "గాలి తగ్గనీ. ఇంకోపాలి పోత్తాను."